అమ్మవారిని పొలిమేర దాటించిన కథ

పోలియో చుక్కల కోసం ఊళ్లలో మళ్లీ మైకులు తిరుగుతున్నాయి. ఆ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మొన్న మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను ఒకప్పుడు ఇలాంటి పనే చేశానని, పైగా డిగ్రీలో చరిత్ర చదివానని ఎవరో చెప్పారట. "అక్కా, ఉత్తగ చెప్తె జనం ఇంటలేరు. ఎన్కట జరిగిన ముచ్చట్లు నాలుగు జెప్పు, మీటింగుల వాడుకుంటం" అన్నారు. ఛాయ్ ఇచ్చి పంపాను గాని ఒక్క ముచ్చటా చెప్పలేకపోయాను. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. వాళ్లకూ, రేపు మైకు పట్టుకోబోయే మిగతా పిల్లలకూ నా జవాబు ఇదే అనుకోండి.

ఇప్పటికి పదేళ్ల కిందట, ఎనభైల చివర్లో, ఆసిఫాబాద్ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య బోధకురాలిగా చేరాను. కరీంనగర్‌లో పుట్టి అక్కడి కాలేజీలోనే చదివిన నాకు అడవి దారులు కొత్త. ఉద్యోగం పేరు గంభీరంగా ఉండేది. చేసేది మాత్రం జీపులో మైకు సెట్టు వేసుకుని ఊళ్లకు పోవడం, జనాన్ని పోగు చేయడం, పెద్దవాళ్లు మాట్లాడేదాకా వాళ్లు లేచిపోకుండా చూడటం. పిల్లలు నన్ను 'మైకు పంతులమ్మ' అని వెక్కిరించేవాళ్లు. మా నర్సు ఆసిఫాబాద్‌లోని ఒక ముస్లిం ఇంటి ఆడపడుచు, నాకంటే చాలా పెద్దది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. సూదుల డబ్బా ఆమె భుజాన, మైకు నా చేతిలో. జిల్లా మొత్తం మీద ఆ పని చూసే పెద్ద డాక్టరు గారు నెలకోసారి వచ్చి మా వెంట తిరిగేవారు.

ఆయనది కోస్తా. వయసులో ఉన్నప్పుడు మశూచిని తుడిచిపెట్టే పనిలో మా అడవి ఊళ్లన్నీ కాలినడకన తిరిగారు. ఆయన మాట్లాడుతుంటే వినబుద్ధయ్యేది. సూది వేయించుకోండి అని ఏనాడూ నేరుగా అడిగేవారు కాదు. ముందు ఏదో పాతకాలం కథ ఎత్తుకునేవారు. శత్రువు కత్తికంటే జ్వరానికే ఎక్కువమందిని పోగొట్టుకున్న ఒక సైన్యం కథ, నిజాం జమానాలో ప్లేగు వచ్చిన ఊరి కథ. విన్నవాళ్లు అందులో మునిగిపోయాక మెల్లగా మా పనిలోకి దింపేవారు. "వాదనకు దిగితే ఎదురు వాదిస్తారమ్మా. జరిగింది చెప్పు. జరిగినదాన్ని ఎవరు కాదంటారు?" అని నాకు జీపులో పాఠం చెప్పేవారు.

నేను నేర్చుకున్నాను కూడా. కాలేజీలో చరిత్ర అంటే ముందు సంగతులు, తర్వాత వాటికి కారణాలు. వేదిక మీద అది తలకిందులు. చెప్పదలచుకున్నది ముందే మన చేతిలో ఉంటుంది, దానికి సరిపోయే కథ కోసం వెనక్కి వెళ్లి తవ్వుతాం. అంగడిలో గాజులు ఏరుకున్నట్టు చేతికి పట్టేవి ఏరుకుంటాం, పట్టనివి బుట్టలోనే వదిలేస్తాం. అప్పట్లో అందులో నాకేమీ తప్పు కనిపించలేదు.

ఆ ఊరికి మొదట పోయింది ఆపా. ఊరి ఒక కొసన పిల్లలకు తట్టు లేచింది. అక్కడివాళ్లు తట్టు అనరు, తల్లి పోసింది అంటారు. తల్లి వచ్చిన ఇంటికి వేపమండలు కడతారు, పోపు పెట్టరు, బట్టలు ఉతకరు, మందు అసలే ముట్టరు. రెండు మూడిళ్లు దాటిందంటే ఊరికే కట్టు వేస్తారు. పోచమ్మకు బోనం చేసి సాగనంపేదాకా ఊళ్లోవాళ్లు బయట నిద్ర చేయకూడదు, బయటివాళ్లు లోపల చేయి పెట్టకూడదు.

ఆపా తిరిగి వస్తుంటే ఒక పడుచు తల్లి ఏడాది పిల్లవాణ్ణి చంకన వేసుకుని రోడ్డుదాకా వెంటపడి వచ్చిందట.

"నర్సమ్మా, పక్కింట్ల పోరికి తల్లి పోసింది. మా పోరనికి సూదెయ్యరాదూ?"

డబ్బాలో మందు ఉంది. కాని తట్టు మందు సీసా అయిదుగురికి సరిపడేది. పొడిలో నీళ్లు కలిపాక సాయంత్రానికి పారబోయాలి. అందుకని ఒక్కరి కోసం సీసా విప్పకూడదని మాకు గట్టి ఆజ్ఞ. విప్పితే సంజాయిషీ రాసివ్వాలి.

"ఇంకో నలుగురిని తోల్కరా బిడ్డా, ఈడనే కూసుంట" అంది ఆపా.

ఆ పిల్ల ఊళ్లోకి పోయి చాలాసేపటికి ఒక్కతే వచ్చింది. కట్టు పడ్డ ఊళ్లో ఎవరొస్తారు? ఆపా డబ్బా భుజాన వేసుకుని వచ్చేసింది.

విషయం విని డాక్టరు గారు ఉత్సాహపడ్డారు. "ఒక్క పిల్లవాడెందుకమ్మా, ఊరినే ఒప్పిద్దాం. మీటింగు పెట్టండి, నేనొస్తాను" అన్నారు. ముందు మాట, తర్వాత సూది. మా పద్ధతి అది. ఆయన వచ్చేదాకా, జీపు దొరికేదాకా వారం గడిచింది.

మీటింగు బడి ముందు పెట్టాం. పోచమ్మ కట్టు ఉన్నా, మాట వినడానికి ఏ అడ్డూ లేదన్నాడు పటేలు. అరుగుల మీద మగవాళ్లు, నేల మీద ఆడవాళ్లు. అందరికంటే ముందు ఒక ముసలమ్మ కూర్చుంది. ముఖమంతా మశూచి గుంటలు. ఒక కన్ను తెల్లగా పూతపడింది. "ఆ పడుచు ఉన్నది జూడు, గీమె దాని అత్త" అని ఆపా నా చెవిలో చెప్పింది. పడుచు అందరికీ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పిల్లవాడు భుజం మీద నిద్రపోతున్నాడు.

డాక్టరు గారు ప్లేగు కథతో మొదలుపెట్టారు. ఎలుకలు రాలగానే ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుని బతికిన తాతలను తలచుకున్నారు. ఒక పెద్దాయన లేచి, "నిజం సారూ, మా తాత గుడిశెలనే పుట్టిండు. అందుకే ఆయనకు గుడిశెలాయన అని పేరు" అన్నాడు. అందరూ నవ్వారు. ఊరు మా వైపు వచ్చేసిందనుకున్నాను. గోడ దగ్గరి పడుచు పిల్లవాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకుని రెండడుగులు ముందుకు వచ్చింది.

అప్పుడు డాక్టరు గారు తన దగ్గరున్న వాటిలోకెల్లా గొప్ప కథ తీశారు. కరీంనగర్‌లో దానికి చప్పట్లు పడగా నేనే విన్నాను.

"ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన మశూచి ఇవాళ ఏదీ? మీ పిల్లల ముఖాల మీద ఒక్క మచ్చ ఉందా? మేం గడప గడపకూ తిరిగి సూదులు వేశాం. ఈ సూదితోనే అమ్మవారిని ఈ దేశం పొలిమేర దాటించాం!"

చప్పట్లు పడలేదు. ఆడవాళ్లలో ఒకరిద్దరు చెంపలు వేసుకున్నారు. ముసలమ్మ చేతులు నేలకు ఆన్చి మెల్లగా లేచింది.

"అయ్యా, ఒక్క మాట. తల్లిని ఎల్లగొట్టింది మీరేనా?"

డాక్టరు గారు నవ్వారు. "మేమేనమ్మా. నేను స్వయంగా ఈ చేతులతో వేశాను సూదులు."

"గీ చేతుల్తోనేనా?"

"ఈ చేతులతోనే."

ముసలమ్మ వెనక్కి తిరిగింది. "ఇన్నరా? తల్లి అలిగి పోయిందనుకున్నం ఇన్నొద్దులు. అలిగి పోలేదట, ఎల్లగొట్టిండ్రట. సారే ఒప్పుకుంటుండు. ఎల్లగొట్టిన ఆడిది ఉత్తగనే వాపసొస్తదా?"

"పోలీసు టేషన్ల రిపోర్టిద్దామా పెద్దవ్వా, సారు మీద?" అన్నాడు అరుగు మీద ఒక కుర్రవాడు. నవ్వులు లేచి వెంటనే అణిగిపోయాయి.

"అమ్మా, అది వేరు, ఇది వేరు" అన్నారు డాక్టరు గారు. "అది మశూచి. ఇప్పుడొచ్చింది తట్టు."

"తల్లులు ఏడుగురు అక్కచెల్లెండ్లు సారూ. పెద్దదాన్ని కొడితె చిన్నది ఊకుంటదా?"

ఆయన అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. సాక్ష్యం చాల్లేదేమో అనుకుని ఇంకా పెంచారు. ఈ జిల్లాలోనే కాదు, దేశం మొత్తం మీద ఒక్క ఊళ్లో కూడా మశూచిని మిగలనివ్వలేదన్నారు.

"అయ్యో తల్లీ, ఏ ఊర్ల సుత నిలువనియ్యలేదట" అని ఒకామె కళ్లు తుడుచుకుంది.

చివరికి పటేలు లేచి చేతులు జోడించాడు. "సారూ, మీరు పెద్దోళ్లు. మీ మాట అబద్ధమంటలేం. ఆదివారం బోనాలు జేసి తల్లిని సాగనంపుతం. అప్పటిదాంక ఊర్ల సూది ముచ్చట వద్దు."

మీలో చాలామంది జనం చరిత్రను నమ్మరనుకుంటారు. ఆ రోజు ఆ ఊరు డాక్టరు గారు చెప్పిన ప్రతి అక్షరం నమ్మింది. జీపులు వచ్చాయి, సూదులు పడ్డాయి, మశూచి పోయింది. అన్నీ ఒప్పుకున్నారు. 'కాబట్టి' అనే మాట దగ్గరే దారి చీలింది. ఆ మాట మనం ఊరికి తీసుకుపోలేం. అది వాళ్ల ఇంట్లో ముందే ఉంటుంది, మనం కథ మాత్రమే తీసుకుపోయి దాని ముందు పెడతాం.

డాక్టరు గారిని పటేలు ఛాయ్‌కి తీసుకుపోయాడు. ఆపా డబ్బా ఎత్తుకుని "రా చెల్లె" అంది. ఇద్దరం ముసలమ్మ ఇంటికి పోయాం. ఆమె గడపలో కూర్చుని ఉంది. లోపల కోడలు పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"మళ్ల మైకు తెచ్చినవా?" అంది ముసలమ్మ నన్ను చూసి.

"తేలే అవ్వా. నీకు తల్లి ఎప్పుడు పోసింది?"

ఆమె ఇలాంటిది ఎదురుచూడలేదు. అయినా చెప్పింది. "నేను గింతున్నప్పుడు. ముగ్గురం ఒక్క సాప మీద పన్నం. మా అక్క, నేను, మా తమ్ముడు. ఎవలో వైద్యుడు మందిస్తనని వచ్చిండట. మా అవ్వ చీపురు తీసింది. చుక్క మందు తాపలే. అందుకే తల్లి దయ తలిచి నన్నొక్కదాన్ని ఇడిచి పెట్టింది. జూడు, గీ వయసుదాంక ఉన్న."

ఆమె దగ్గరా ఒక చరిత్ర ఉంది. ఆమె కూడా డాక్టరు గారిలాగే జరిగిందే చెబుతోంది.

లోపలినుంచి కోడలు తల వంచుకునే అంది. "వాళ్లిద్దరికి సుత తాపలేదు గద అత్తా."

"ఏందే?"

"మీ అక్కకు, మీ తమ్మునికి. వాళ్లకు సుత మందు తాపలేదు గద."

కోడలు అత్తకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదటిసారేమో. ముసలమ్మ కోప్పడుతుందని చూశాను. ఆమె చూపు బయటికి తిప్పింది. "మా తమ్ముడు మంచిగ నవ్వుతుండె" అంది. తర్వాత ఆపా వైపు తిరిగింది. "ఏస్తె ఎయ్యి నర్సమ్మా. తల్లి కోపం నా మీదికి రానియ్యి. నేను మొక్కుకుంట."

ఆపా ఈసారి ఆజ్ఞ సంగతి ఎత్తనే లేదు. డబ్బా మూత తీసి సీసా బయటపెట్టి, పిల్లవాడి చేయి పట్టుకుంది. పట్టుకున్న చేయి వదలకుండా రెండో చేత్తో నుదురు చూసింది. కళ్లు చూసింది. ఎర్రగా నీళ్లు కారుతున్నాయి. బుగ్గ లోపల టార్చి వేసి చూసింది. అక్కడ ఉప్పుకల్లు అంటినట్టు తెల్లని చుక్కలు.

"ఎప్పటి సంది గిట్లున్నడు?"

"నిన్నటి సంది జర ఎచ్చగున్నడు. పండ్లు మొలుస్తున్నయేమో అనుకున్న" అంది కోడలు.

ఆపా సీసా మళ్లీ డబ్బాలో పెట్టింది. తట్టు లోపలికి వచ్చేశాక ఆ సూది ఏమీ చేయలేదు.

తర్వాతది పొడిగించను. ఒళ్లంతా తట్టు పోసింది, తర్వాత ఊపిరి ఆడక రొమ్ము పట్టేసింది. ఊరికి కట్టు ఉండగానే, అందరూ చూస్తుండగా, ముసలమ్మే బండి కట్టించి పిల్లవాణ్ణి మా దవాఖానకు తెచ్చింది. పెద్ద దవాఖానకు పంపడానికి జీపు వచ్చేలోపే వరండాలో తల్లి ఒళ్లో పోయాడు. తల్లి ఏడవలేదు. రుమాలు తడిపి వాడి పెదాలు తుడుస్తూనే ఉంది. ఆపా వెళ్లి ఆ చేయి పట్టుకుని ఆపింది.

డాక్టరు గారికి ఈ సంగతి జీపులో నేనే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నటన కాదది. కాని మరుసటి మీటింగులో, మందమర్రిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య, ఆ పిల్లవాడు ఆయన ఉపన్యాసంలోకి వచ్చేశాడు. ఫలానా ఊళ్లో ఒక నాయనమ్మ ఉంది, సూది వద్దంది, పసివాడు తల్లి ఒళ్లో పోయాడు. అంతే. సైన్యం కథ లేదు, ప్లేగు లేదు, మశూచి లేదు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పిల్లల్ని ఎత్తుకుని బారులు తీరారు. ఆపా సీసా మీద సీసా విప్పింది.

ఆయన చెప్పింది అబద్ధమా అంటే అబద్ధమని అనలేను. ముసలమ్మ వద్దన్న మాట నిజం. సాయంత్రానికి సరేనన్న ముక్క జారిపోయింది. సీసా సంగతి, మేం వారం ఆలస్యంగా పోయిన సంగతి కూడా జారిపోయాయి. అవి చెబితే కథ పదునెక్కదు.

ఒకరోజు అడిగేశాను. "సార్, ఆమె ఒప్పుకుంది కదా. మనమే..."

"నాకు తెలుసమ్మా" అన్నారు. "మన తప్పు కూడా ఉందని మైకులో చెబితే రేపు మన దగ్గరకు బిడ్డను ఎవరు తెస్తారు? ఎంతమంది వచ్చారో చూశావుగా. ఆ పిల్లాడు ఎందరినో బతికిస్తున్నాడనుకో."

ఆ మాటను ఇవాళ్టికీ పూర్తిగా కొట్టిపారేయలేను. మొన్నీమధ్య మా పాపకు తట్టు సూది వేయించే ముందు రోజంతా దాని నుదురు పట్టుకు చూస్తూనే ఉన్నాను. అలాంటి భయం ఎదుటి తల్లిలో పుట్టిస్తే ఆమె వస్తుంది. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్లకు అంగడిలో ఆ కోడలు కనిపించింది. నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, సారుకు చెప్పి మా ఊరి పేరు తీసెయ్యుమను. మైకుల జెప్పిన ముచ్చట మా ఊర్లకు వచ్చింది. మనుమన్ని తిన్నదని మా అత్తతోటి ఎవలు మాట్లాడుతలేరు. బోరింగు కాడ బిందె పెట్టనిస్తలేరు."

"మీ ఊరోళ్లే గద ఆనాడు సూది వద్దన్నది?"

"వాళ్లే. ఇప్పుడు అందరు ఏపిచ్చుకున్నరు. వద్దన్నది ఆమె ఒక్కతే అంటున్నరు."

డాక్టరు గారికి చెప్పాను. ఆయన నొచ్చుకుని ఊరి పేరు మానేశారు. నాయనమ్మను మానలేదు.

నిర్మల్ దారిలో ఒక ఊరికి ఆయన రాలేకపోయిన రోజున మైకు నాకు వచ్చింది. జరిగినదంతా వరసగా చెప్పాను. తల్లి మా వెంటపడి రావడం, మేం సీసా విప్పకపోవడం, మీటింగు కోసం ఆపడం, ముసలమ్మ వద్దనడం, కోడలి మాట విని సరేననడం. ముగించేసరికి ఒకామె లేచింది.

"తప్పు మీ దగ్గరనే ఉంటె మమ్ములనెందుకు పిలుస్తుండ్రు?"

ఆమె వెంట ఇంకా కొందరు లేచిపోయారు. పిల్లలతో నిలబడ్డవాళ్లు చాలా తక్కువ. తిరిగి వస్తుంటే ఆపా జీపులో అంది. "సచ్ బోలీ చెల్లె, మంచిగనే జెప్పినవు. గని మందు సగం పారబోసిన."

జీపు ఎక్కకముందే ఆ తక్కువమందిలో ఒక పడుచు, కొడుకు ఏడుపు ఆపుతూ నా దగ్గరకు వచ్చింది. "గా ముసలామె ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"మా పోరనికి ఏపిచ్చినని ఆమెకు జెప్పు. కోపం నా మీదికి రానియ్యన్నదట గద. గా మాట ఇని ఏపిచ్చిన."

ఆ వారమే ఆ ఊరికి పోయాను. ముసలమ్మ గడపలో ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన ఖాళీ బిందె. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, బయటికి పొమ్మనలేదు. చెప్పాల్సింది చెప్పాను. ఫలానా చోట ఒక తల్లి, నీ మాట విని కొడుక్కి సూది వేయించింది అన్నాను. ఆమె విన్నది. బాగున్న కన్ను నా వైపు తిప్పింది.

"గా పోరని పేరేంది?"

నేను అడిగి రాలేదు.

"తెల్వది అవ్వా" అన్నాను.

"అడిగి రావద్దా బిడ్డా?" అని, ముఖం అటు తిప్పుకుంది.